జేబులక్క రాయని కాగితం

ఆసుపత్రి లాండ్రీలో తెల్లకోటు జేబు వెతకడానికి ఒక పద్ధతి ఉంది. ముందు అరచేత్తో పైనుంచి తట్టాలి. సూది ఉంటే అక్కడే తెలిసిపోతుంది. తర్వాత రెండు వేళ్ళతో జేబు అడుగు పట్టుకుని సంచి తిరగేసినట్టు బయటికి లాగాలి. చెయ్యి మాత్రం లోపల పెట్టకూడదు. పెట్టినవాళ్ళ వేళ్ళకు మొదటి నెలలోనే కట్లు పడ్డాయి.

ఇరవై రెండేళ్ళుగా ఈ పని చేస్తున్న మనిషిని అందరూ జేబులక్క అంటారు. కిటికీ కింద ఆమె బల్ల. బల్ల మీద ఒక రేకుడబ్బా, ఒక రిజిస్టరు, దారంతో బల్లకు కట్టేసిన పెన్ను. జేబుల్లో దొరికినదేదైనా సరే డబ్బాలో పడాలి, రిజిస్టర్లోకి ఎక్కాలి. తేదీ, గుడ్డ నంబరు, వస్తువు, సంతకం. పెన్నులు, థర్మామీటర్లు, సగం తిన్న బిస్కెట్లు, ఒకరి పళ్ళసెట్టు. "పళ్ళసెట్టు, పై వరస, ఒకటి" అని ఆమె గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. ఇన్నేళ్ళలో ఒక గుండుసూది కూడా ఇంటికి పట్టుకెళ్ళలేదు. ఆ సంగతి లాండ్రీలో తెలియనివాళ్ళు లేరు, ఎందుకంటే ఆమే చెబుతుంది. అన్నం తినేటప్పుడు, టీ తాగేటప్పుడు, దుప్పటి రెండో కొస పట్టుకుని మడతపెట్టేటప్పుడు కూడా.

ఏడేళ్ళ కిందట ఇస్త్రీ చేసే ఒకతను నర్సు కోటులో దొరికిన చెవిపోగును తన జేబులో వేసుకున్నాడు. పొద్దున్నే ఆ నర్సు చేతికే ఇస్తానన్నాడు. ఇచ్చేవాడేనేమో. జేబులక్క పొద్దుటిదాకా ఆగలేదు. సాయంత్రం డ్యూటీ దిగేలోపు సూపర్‌వైజరుకు చెప్పింది. అతన్ని తీసేశారు. అప్పటినుంచి ఆమె టీ గదిలోకి వస్తే కప్పుల చప్పుడు మాత్రమే మిగులుతోంది. మొదట్లో దాన్ని గౌరవమనుకుంది. తర్వాత అనుమానం మొదలైంది. తను రాకముందు వీళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారు? తలుపు అవతల ఒక్క క్షణం ఆగి వినడం ఆమెకు అలవాటైపోయింది.

ఈ ఏడు ప్రెస్ మెషిన్ మీద కొత్తగా ఒకావిడ చేరింది. నలభై దాటిన మనిషి, ఇద్దరు ఆడపిల్లల తల్లి, వేరే భాష మాట్లాడే చోటునుంచి వచ్చింది. అందరూ కొత్తావిడ అనేవారు. మూడు నెలలు పరీక్షగా పనిచేయాలి. గట్టెక్కితే ఉద్యోగమూ, లాండ్రీ వెనక మేడమీద ఇచ్చిన ఒంటిగదీ నిలుస్తాయి. గట్టెక్కకపోతే రెండూ పోతాయి. దానికి ఒక ఫారం ఉంటుంది. పని, వేగం, హాజరు అనే మూడు గడులు సూపర్‌వైజరు నింపుతాడు. నాలుగోది 'నమ్మకం'. ఎవరి చేయి ఎటు పోతుందో జేబుల బల్ల దగ్గరే తెలుస్తుంది కాబట్టి ఆ గడి జేబులక్కది. మూడు నెలలు ఆ శుక్రవారంతో ముగుస్తున్నాయి.

మంగళవారం ఏప్రన్ల వంతు. డాక్టర్ల కోట్ల లాగే పనివాళ్ళ నీలం ఏప్రన్లు కూడా ఆ బల్ల మీదికే వస్తాయి. అయిదో ఏప్రన్ జేబులోంచి నాలుగు మడతల కాగితం ఒకటి పడింది. జేబులక్క విప్పింది. ఒకటో తరగతి పిల్లలు దిద్దినట్టు పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు, తలకట్లు సగం ఎగిరిపోయి.

సుద్దపూస. నిప్పు కడిగే మనిషి. శ్రీరంగనీతులు. పత్తిత్తు. కడిగిన ముత్యం. గురివింద.

ఒక్కో మాట పక్కన చీమల బారులా వేరే లిపిలో రెండేసి వరసలు. అవి ఆమెకు రావు. ఎవరు రాశారో చెప్పడానికి మాత్రం పంచాంగం అక్కర్లేదు. ఆమె చెవులు వేడెక్కాయి. మూడు నెలల మనిషికి ఈ మాటలు ఎవరు నేర్పారు? ఆ చీమల బారులో ఏముంది? ఏ రోజు జేబులక్క ఏమంది, దానికి ఎవరేమన్నారు, అదా?

రిజిస్టరు తెరిచే ఉంది. 'కాగితం, ఒకటి' అని రాస్తే సరిపోయేది. కానీ రిజిస్టరును సాయంత్రం సూపర్‌వైజరు చూస్తాడు, డబ్బా తెరుస్తాడు, కాగితం చదువుతాడు. జేబులక్క అటూ ఇటూ చూసి కాగితాన్ని తన చేతిసంచిలో పెట్టుకుంది. నా గురించి రాసిన కాగితం నాది కాకపోతే ఎవరిది అనుకుంది.

మధ్యాహ్నం కొత్తావిడ బల్ల దగ్గరికి వచ్చింది. ప్రెస్ ఆవిరికి ముఖం ఎర్రబడి ఉంది.

"అక్కా, నా ఏప్రన్... జేబులో కాగితం. మీకు వచ్చిందా?"

"కాగితమా? ఏం కాగితం?"

"చిన్నది. మాటలు రాసుకున్నా."

"ఏం రాలేదు. వస్తే రిజిస్టర్లో ఉంటుంది. చూసుకో."

కొత్తావిడ రిజిస్టరు వైపు చూడనైనా లేదు. తల అడ్డంగా ఊపింది. "వద్దక్కా. మీరు లేదంటే లేదు. మీకు దొరికితే మీరు దాచరు. మీరు సుద్దపూస."

నవ్వలేదు. వెటకారం లేదు. రెండు చేతులూ ముందు కట్టుకుని, పెద్దవాళ్ళతో చెప్పే గొంతుతోనే చెప్పింది. చెప్పి, మెషిన్ దగ్గరికి వెళ్ళిపోయింది.

జేబులక్క చేతిలో ఉన్న కోటు జేబును మూడుసార్లు తట్టింది. ఎదురుగా నిలబడి ఇంత మాట అని, కనురెప్ప కూడా కదపలేదంటే ఇది మామూలు మనిషి కాదు. నేర్పినవాళ్ళు గట్టిగానే నేర్పారు.

మర్నాడు ఆరా మొదలైంది. ముందు కుట్లత్త దగ్గరికి వెళ్ళింది. చిరిగిన దుప్పట్లు కుట్టే కుట్లత్త ఆ లాండ్రీలో అందరికంటే పెద్దది, నోరు కూడా వయసుకు తగ్గట్టే పెద్దది.

"అత్తా, ఒకటి అడుగుతాను. నిజం చెప్పాలి."

"నీ దగ్గర అబద్ధమాడే ధైర్యం ఎవరికుంది తల్లీ? రిజిస్టర్లో ఎక్కించెయ్యవూ!"

"సుద్దపూస అని ఎవరినంటారు?"

కుట్లత్త సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఎక్కలేదు. కొస నోట్లో పెట్టి తడిచేసింది. మళ్ళీ ఎక్కలేదు.

"మచ్చ లేనివాళ్ళని."

"అయితే అనిపించుకున్నవాళ్ళు సంతోషించాలిగా?"

"మచ్చ లేదని నలుగురూ అంటే సంతోషించాలి. నాకు మచ్చ లేదు, నాకు మచ్చ లేదు అని తనే చెప్పుకుంటూ తిరిగితే, అప్పుడు నలుగురూ అనే మాట అది. ఇంతకీ ఎవరన్నారు నిన్ను?"

"నన్నన్నారని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఊరికే గుమ్మడికాయ గుర్తొచ్చింది." దారం ఎక్కింది. కుట్లత్త ముడి వేసి పళ్ళతో తెంపింది.

జేబులక్క అక్కణ్ణుంచి బాయిలర్ గదికి వెళ్ళింది. బాయిలర్ మావయ్య మీటరు చూస్తూ, చేతిలోని బీడీని వెనక్కి దాచాడు. పొగతాగడం ఎంత చెడ్డదో వారానికోసారి అందరికీ చెప్పే మనిషి ఆయన.

"మావయ్యా, నిప్పు కడిగే మనిషి అంటే ఎవరు?"

"ఇంకెవరు, మన సూపర్‌వైజరు!" మావయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ముందు కుర్చీ తుడుస్తాడు. తర్వాత తుడిచిన గుడ్డను దులుపుతాడు. ఆ దులిపిన చెయ్యి కడుక్కుని అప్పుడు కూర్చుంటాడు. మనం కూర్చున్న కుర్చీలో కూర్చోడు. నిప్పుకు మసి అంటిందేమోనని కడిగే రకం. మధ్యలో నిప్పు ఆరిపోతుందని తెలియదు పాపం."

జేబులక్క నమ్మలేదు. కుట్లత్త ఆలోచించి చెప్పింది కాబట్టి దాస్తోంది. మావయ్య ఆలోచించకుండా చెప్పాడు కాబట్టి ముందే జవాబు సిద్ధం చేసుకున్నాడు. ఇద్దరూ కలిసే ఉన్నారు.

సాయంత్రం సూపర్‌వైజరు ఫారం ఇవ్వడానికి పిలిచాడు. కిటికీలోంచి బాయిలర్ గది వెనక లేస్తున్న పొగను చూస్తూ అన్నాడు. "చూడమ్మా, చెప్పేవి శ్రీరంగనీతులు." అంతవరకే అని ఆగాడు. సామెత రెండో సగం ఆయన పైకి అనడు. వినేవాళ్ళే లోపల పూర్తి చేసుకోవాలి. జేబులక్క పూర్తి చేసుకుంది, తన మీదే. ఈయనకు కూడా తెలిసిపోయిందా?

"నన్నా సార్?"

"నిన్నెందుకమ్మా? ఆ బీడీ మనిషిని. ఫారం శుక్రవారం మధ్యాహ్నానికి కావాలి. నీ గడి ఒక్కటే ఖాళీ."

ఇంటికి వెళ్ళాక కాగితం భర్త ముందు పెట్టింది. ఆయన బడి బస్సు నడుపుతాడు. రోజుకు అరవై మంది పిల్లల అరుపులు వినీ వినీ, ఇంట్లో తక్కువ మాట్లాడటం నేర్చుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని ఆరు మాటలూ చదివాడు.

"ఇందులో నువ్వెక్కడున్నావు?"

"కనపడట్లేదా? అన్నీ నేనే."

"బట్టల కొట్లో ఆరు చొక్కాలు వేలాడదీస్తే ఆరూ నీ కొలతకే కుట్టారంటావా?"

"మీకు అన్నీ హాస్యమే. ఆ పక్కన ఏం రాసిందో చూశారా? నాకు ఆ లిపి రాదని ధైర్యం. అది నా మొహం మీదే సుద్దపూస అంది. శుక్రవారం ఆ గడిలో ఏం రాయాలో నాకు తెలుసు."

"రాయి. రాసేదానివి నువ్వు. మరి ఈ కాగితం సంగతి రిజిస్టర్లో రాశావా?"

జేబులక్క గ్లాసు తీసి కడగడం మొదలుపెట్టింది. అది కడిగిన గ్లాసే.

"ఆ ఇస్త్రీ అతను చెవిపోగును ఎంతసేపు జేబులో ఉంచుకున్నాడు?"

"మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా."

"ఇది దొరికి?"

"నిన్న పొద్దున."

ఆయన కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకున్నాడు. ఇంకేమీ అనలేదు. అని ఉంటే ఆమె పోట్లాడేది, తెల్లారేసరికి గెలిచి ఉండేది కూడా.

గురువారమంతా కొత్తావిడను గమనించింది. కొత్తావిడ దుప్పటి ప్రెస్‌లోకి తోస్తూ పెదవులు కదుపుతోంది. మధ్యమధ్య ఆగి ఏదో గుర్తుచేసుకుంటోంది. కుట్లత్త దగ్గరికి వెళ్ళి ఏదో అడిగింది, ఇద్దరూ ఈ వైపు చూశారు. మావయ్య దగ్గరికి వెళ్ళింది, ఆయన గోడ చాటుకు వెళ్ళి నవ్వాడు. ఫారం రేకుడబ్బా కింద ఉంది. జేబులక్క తీసి 'నమ్మకం' గడి మీద పెన్ను పెట్టింది. 'లేదు' అని రాయడానికి రెండక్షరాలు చాలు. సిరా చుక్క పడింది కానీ అక్షరం పడలేదు. మనసు మారిందని కాదు. ఆ చీమల బారులో ఏముందో తెలియకుండా రాస్తే అది ఊహ అవుతుంది. ఊహలు రాయడం ఆమె పద్ధతి కాదు.

శుక్రవారం పొద్దున ఇంకా మెషిన్లు వేడెక్కకముందే కొత్తావిడ బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో కొత్త కాగితం, పొట్టి పెన్సిలు.

"అక్కా, పోయింది కదా, మళ్ళీ రాసుకుంటున్నా. అయిదు గుర్తొచ్చాయి. మీరు చెప్పిన మాట ఒక్కటి రావట్లేదు."

"నేను చెప్పిన మాటా? నేనేం చెప్పాను నీకు?"

"నాతో కాదు. అత్త వెళ్ళిపోయాక, దుప్పటి మడతపెడుతూ అన్నారు. అత్త అందరికీ వంకలు పెడుతుంది, తన కుట్టు వంకర తనకు కనపడదు అని. ఒక గింజ పేరు. ఎర్రగా ఉంటుంది, కింద నల్లగా..."

"గురివింద," అంది జేబులక్క. నోరు దానంతటదే అనేసింది.

"ఆ! గురివింద!" కొత్తావిడ సంతోషంగా రాసుకుంది.

జేబులక్క స్టూలు మీద కూర్చుంది. "మిగతావి ఎవరన్నారు? ఎవరిని?"

కొత్తావిడ వేలు పెట్టి పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. నిప్పు కడిగే మనిషి, మావయ్య సూపర్‌వైజరును. శ్రీరంగనీతులు, సూపర్‌వైజరు మావయ్యను. పత్తిత్తు, మావయ్య కుట్లత్తను. కడిగిన ముత్యం, కుట్లత్త సూపర్‌వైజరును. గురివింద, మీరు కుట్లత్తను.

"మొదటిది?"

"సుద్దపూస అత్త అంటుంది. మిమ్మల్ని."

ఆరింట్లో ఒక్కటి. మూడు రోజులుగా మోసిన మూట ఒక్కసారిగా తేలికైంది. అయితే నిజం చెప్పాలంటే, కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది. ఇంత పెద్ద లాండ్రీలో తన గురించి ఒక్క మాటేనా?

"ఇవే ఎందుకు రాసుకున్నావు?"

"సబ్బు, దుప్పటి, మరక, ఆవిరి... ఆ మాటలు మొదటి నెలలోనే వచ్చేశాయి. ఇక్కడ వాటి తర్వాత ఎక్కువగా వినపడేవి ఇవే కదక్కా."

"ఆ పక్కన రాసేది?"

"అర్థాలు. మావయ్య చెప్పాడు." కొత్తావిడ తన లిపి చదువుతూ ఒక్కొక్కటీ మళ్ళీ తెలుగులోకి తెచ్చింది. "తప్పు చెయ్యని మనిషి. చాలా శుభ్రమైన మనిషి. మంచి నీతులు. గుణవంతురాలు. మచ్చ లేని ముత్యం. అందమైన ఎర్ర గింజ. అన్నీ పెద్దవాళ్ళను పొగిడే మాటలు. ఇవాళ సార్ గదికి పిలుస్తారు కదా, అప్పుడు అంటాను. సార్, మీరు నిప్పు కడిగే మనిషి, కడిగిన ముత్యం, నన్ను ఉంచండి అని. నిన్నంతా మెషిన్ దగ్గర అదే చదువుకున్నా."

జేబులక్కకు ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. తను నోరు మూసుకుంటే చాలు. గడిలో ఏమీ రాయక్కర్లేదు, చేతికి మసి అంటదు. ఈ మనిషి తన కాళ్ళ మీద తనే నడిచి వెళ్ళి, సూపర్‌వైజరు ముందు నిలబడి, ఆ రెండు ముక్కలూ చెప్పి, సాయంత్రానికి ఇద్దరు పిల్లలతో గది ఖాళీ చేస్తుంది. జేబులక్క చేసిన తప్పు అందులో ఎక్కడా కనపడదు. కడిగిన ముత్యం.

"అనకు," అంది.

"తప్పు పలుకుతున్నానా?"

"పలకడం బాగానే ఉంది. అర్థమూ మంచిదే. మావయ్య అబద్ధం చెప్పలేదు. కానీ ఆ అర్థంతో ఈ మాటలు ఎవరూ వాడరమ్మా. మంచివాణ్ణి మంచివాడనే అంటాం. నేను మంచివాణ్ణి, మిగతావాళ్ళు కాదు అనుకునేవాణ్ణి ఇలా అంటాం. అదీ వాడు అటు తిరిగాక."

కొత్తావిడ కాసేపు కాగితం వైపు చూసింది. ఆవిరి లేకుండానే ముఖం ఎర్రబడింది.

"మరి మంగళవారం నేను మిమ్మల్ని..."

"అన్నావు."

"కోపం వచ్చిందా అక్కా? ఫారంలో రాసేశారా?"

జేబులక్క చేతిసంచి తీసింది. నాలుగు మడతల కాగితం బల్ల మీద పెట్టింది. "ఇది మంగళవారమే దొరికింది. నా దగ్గరే ఉంది."

కొత్తావిడ పాత కాగితాన్ని చూసింది, కొత్త కాగితాన్ని చూసింది, జేబులక్కను చూసింది. ఆ చూపు జేబులక్కకు తెలుసు. ఏడేళ్ళ కిందట ఇస్త్రీ అతణ్ణి తను అలాగే చూసింది.

"అయితే ఆ రోజు మీరు సుద్దపూస కాదు," అంది కొత్తావిడ నెమ్మదిగా.

ఆ మాటను మావయ్య చెప్పిన అర్థంలో అందో, అత్త వాడే తీరులో అందో జేబులక్కకు బోధపడలేదు. 

రిజిస్టరు తెరిచింది. మంగళవారం పేజీ అడుగున రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. అక్కడ రాస్తే ఎవరికీ తెలియదు. ఆ ఖాళీ వైపు ఎంతసేపు చూసిందంటే, వెనక మొదటి మెషిన్ వేడెక్కి ఈల వేసింది. చివరికి పేజీ తిప్పి శుక్రవారం కింద రాసింది. 'కాగితం, ఒకటి. మంగళవారం దొరికింది. ఇవాళ రాస్తున్నాను. మధ్యలో నా దగ్గర ఉంది. అడిగితే లేదన్నాను.' సంతకం పెట్టింది. తర్వాత ఫారం తీసి నాలుగో గడిలో సిరా చుక్క పక్కనే 'ఉంది' అని రాసింది.

సూపర్‌వైజరు రెండూ చూశాడు.

"కాగితం ముక్కకు ఇంత కథేంటమ్మా? వదిలెయ్."

"ఆ ఇస్త్రీ అతన్ని తీసేశారుగా సార్."

"అది బంగారం."

"రూల్లో బంగారమని లేదు. వస్తువని ఉంది. నాకు మెమో ఇవ్వండి."

"నా సర్వీసులో మెమో అడిగి తీసుకునేదానివి నువ్వొక్కదానివే."

"అందుకే ఇవ్వండి."

ఇచ్చాడు. పెన్ను తుడుచుకుని కొత్తావిడ ఫారం మీద కూడా సంతకం చేశాడు. ఆమె లోపలికి వెళ్ళి "సార్, నేను బాగా పనిచేస్తాను" అని మాత్రమే చెప్పి వచ్చింది. గది నిలిచింది.

వారం తిరగకముందే మెమో కథ లాండ్రీ అంతా పాకింది, ఎందుకంటే జేబులక్కే చెప్పింది. అన్నం తినేటప్పుడు, టీ తాగేటప్పుడు, దుప్పటి రెండో కొస పట్టుకున్నప్పుడు. తప్పు చేసి ఒప్పుకునే దమ్ము ఎందరికుంటుంది, మెమో అడిగి మరీ తీసుకున్నవాళ్ళను ఎక్కడైనా చూశారా అని.

"ఇదివరకు చెయ్యని తప్పుల గురించి వినేవాళ్ళం," అంది కుట్లత్త బాయిలర్ మావయ్యతో. "ఇప్పుడు చేసిన తప్పు గురించి వింటున్నాం. మన చెవులకే సెలవు లేదు."

ఒకరోజు మాత్రం జేబులక్క కుట్లత్త పక్కన కూర్చుని గొంతు తగ్గించి అడిగింది. "ఆ ఇస్త్రీ అతను ఇప్పుడెక్కడున్నాడో తెలుసా అత్తా?"

"తెలుసు."

"ఎక్కడ?"

"నీకు చెప్పను." కుట్లత్త తలెత్తకుండా కుట్టుకుంటూ పోయింది. జేబులక్క రెండోసారి అడగలేదు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

తర్వాతి మంగళవారం మళ్ళీ ఏప్రన్లు వచ్చాయి. మూడో దాన్ని తట్టగానే లోపల కాగితం చప్పుడైంది. రెండు వేళ్ళతో జేబు తిరగేసింది. నాలుగు మడతలు, పెన్సిలు రాత, చీమల బారు కాస్త బయటికి కనపడుతోంది. జేబులక్క రిజిస్టరు తీసి రాసింది. 'కాగితం, ఒకటి. మడత విప్పలేదు.' సంతకం పెట్టి, దాన్ని డబ్బాలో వేసింది.

వేసేముందు ఒక్కసారి కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూసింది. ఆ సంగతి మాత్రం రిజిస్టర్లో రాయలేదు.